స్తంభమెక్కే మనిషి

"లైన్‌మన్‌కు పిల్లనిస్తాండానని ఊరంతా సెప్పుకుంటి. కరెంటాఫీసులో అడిగితే రామాంజి అనేటోడే లేడన్యారు. ఇదేం పని ఉరుకుందమ్మా?"

మంచం వాల్చినా కూర్చోకుండా అడిగాడు బసన్న. హాలహర్వి పక్క నుంచి ఆదోనిలో బస్సు మారి, ఎమ్మిగనూరులో ఆటో పట్టుకుని వచ్చింది దీనికోసమే. ఉరుకుందమ్మ ప్రాణం ఉసూరుమంది. కొడుక్కి వచ్చిన సంబంధాలు గడప దాకా వచ్చి వెనక్కి పోవడం ఆమెకు కొత్తేమీ కాదు. ఇదొక్కటన్నా నిలబడితే చాలనుకుంది.

"ఆఫీసులో ఎందుకన్నా, ఊర్లో అడుగు. లైన్‌మన్ ఎవరంటే పసిపిల్లోడు గూడా మావోన్నే సూపిస్తాడు."

అడగాల్సిన పని లేకపోయింది. "లైన్‌మన్ అన్నా, మల్లా కరెంటు పాయె. మిరప తోట ఎండిపోతాంది" అంటూ ఇద్దరు రైతులు వాకిట్లోకి వచ్చేశారు. తింటున్న ముద్ద వదిలేసి రామాంజి లేచాడు. తిండి మధ్యలో లేవడం అతనికి మామూలే. బసన్న కూడా వెంట నడిచాడు.

చేలో స్తంభం పక్కన అసలు లైన్‌మన్ జయరాం బండి మీద కూర్చుని ఉన్నాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించాడు. పాపం, ఆయన ఉద్యోగం అంతటితో సరి.

"ఆపినారు. ఎక్కురా రామాంజీ."

రామాంజి ఎక్కాడు. ఎండకు కాలిపోతున్న స్తంభాన్ని కరుచుకుని, ఒట్టి చేతులతో తెగిన తీగ కలపసాగాడు.

"నువ్వెక్కవా సారూ?" బసన్న అడిగాడు.

"మోకాళ్ల నొప్పులప్పా. ఈడు పనిమంతుడు. ఊరికే ఏం కాదులే, నా జీతంలోంచే ఇంత ఇస్తాండా."

"పడితే?"

జయరాం ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

రామాంజి దిగి వచ్చి చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. "అబద్ధం సెప్పేది నాకిష్టం లేదు మామా. ఈ పని నాది, ఉద్యోగం ఆయప్పది. ఎప్పుడో ఒగనాడు నన్నూ తీసుకుంటారని సూస్తాండా. మీ మల్లేశ్వరిని మాత్రం బాగా సూసుకుంటా."

ఇంటిదాకా బసన్న రామాంజి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకొచ్చాడు. అది చూసి ఉరుకుందమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గబగబా చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

"కండ్లారా సూస్తివి గదన్నా. మావోని పనికేమన్నా వంక పెట్టేదుందా?"

"లేదమ్మా. బంగారమట్లా పిల్లోడు."

"అయితే తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం?"

బసన్న నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు.

"పిల్లనియ్యలేనమ్మా. ఏమనుకోవద్దు."

రామాంజి గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి పడిన కష్టమంతా అప్పుడే తెలిసింది అతనికి.

"అదేందన్నా?" ఉరుకుందమ్మ అంది. "ఊరు ఊరంతా మావోన్ని లైన్‌మన్ అనే పిలుస్తాంది. నువ్వే ఇంటివి గదా."

"ఇన్నానమ్మా." బసన్న చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "ఏ ఆఫీసులోనూ నా పేరు లేకపాయినా, మా ఊర్లో నన్ను గూడా ఇయ్యాలటికీ లైన్‌మన్ అనే పిలుస్తారు."