అత్తాకోడళ్ళ రాజీ

రెండో ఇంజెక్షన్ వేసినా అతనికి ఫిట్సు ఆగలేదు. అత్యవసర విభాగంలో మంచం చక్రాలతో సహా వణుకుతోంది. పొద్దుటినుంచీ నిలబడి కాళ్ళు పీక్కుపోతున్న డాక్టరమ్మ అతని తల్లినీ భార్యనీ అడిగింది.

"రోజూ వేసుకునే మాత్రలు మానేశాడా?"

"ఒక్క పూట తప్పలేదమ్మా!" అన్నారిద్దరూ ఒకే గొంతుతో.

ఆ మహానుభావుడి సంగతి కాస్త చెప్పాలి. దాహమేస్తే గ్లాసుడు నీళ్ళు తనంతట తాను తెచ్చుకుని ఎరగడు. ఇక మాత్రలేం గుర్తుపెట్టుకుంటాడు?

"మరి ఎవరు వేస్తారు?"

తల్లి కోడల్ని చూపించింది. కోడలు అత్తగారిని చూపించింది. రెండు వేళ్ళూ గాల్లోనే ఆగిపోయాయి.

"నీ మొగుడు, నువ్వే చూసుకుంటావని ఊరుకున్నానే!"

"మీ చేత్తో వేస్తేనే మీకు తృప్తని నేనూ తప్పుకున్నాను అత్తయ్యా!"

డాక్టరమ్మ వెంటనే సిరంజి అందుకుంది. మానేసిన ఆ మందునే నరంలోకి ఎక్కించింది. కొంతసేపటికి బిగుసుకున్న దవడ వదులైంది. మరికొంతసేపటికి అతను కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు.

"మాత్ర నేనిస్తానంటే నేనిస్తానని ఇన్నేళ్ళూ పోట్లాడుకున్నాం డాక్టరమ్మా," అంది తల్లి ముక్కు చీదుతూ. "పోయిన వారమే రాజీ పడ్డాం."

డాక్టరమ్మ గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

"మీకు పుణ్యముంటుంది, ఇంటికెళ్ళి మళ్ళీ పోట్లాడుకోండి."