రెండెద్దుల కంప్యూటరు

కోవిల్‌పట్టిలో మా అగ్గిపెట్టెల కంపెనీకి రెండు ప్రాసెసర్లున్న కంప్యూటరు వచ్చింది. అందులో వేసిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదాన్నే గుర్తుపట్టింది.

“రెండెద్దుల్ని కడితే ఒకటే దున్నతాదా?” అని మండిపడ్డాడు ఓనరు ఎత్తిరాజ్. మదురై నుంచి కొత్త సిస్టమ్ సీడీ తెప్పించాడు. పూజ చెయ్యకుండా ఏ మిషనూ ఆన్ చెయ్యడాయన. కొబ్బరికాయ కొట్టి, సీడీ మెరిసే వైపు గంధం, కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుని లోపలికి తోశాడు.

ఇన్‌స్టలేషన్ ముప్పై నాలుగు శాతం దగ్గర నిలిచిపోయింది. సీడీ తీసి తుడిచి, మళ్లీ గంధం, కుంకుమ పెట్టి తోశాం. మళ్లీ ముప్పై నాలుగే. మూడు రోజులూ అదే వరస.

“మారిసెల్వీ, అర్జెంటుగా ఒక లెటరు. నీ పాత టైపు మిషన్లోనే కొట్టుమా.”

ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను: ‘ఇద్దరి పని చేసే కంప్యూటరు వచ్చినందున టైపిస్టు మారిసెల్వి ఇక అవసరం లేదు.’

“తేది ఏం వెయ్యాల, అన్నాచ్చీ?”

ఆయన కొత్త కంప్యూటరు వైపు చూశాడు. ముప్పై నాలుగు.

“అది లేచినాక వేస్తాము. ఇప్పటికి ఖాళీగా వదులుమా.”

ఆ ఖాళీ మీదే ఆరేళ్లుగా జీతం తీసుకుంటున్నాను. ప్రతి ఆయుధపూజకూ ఆయన మళ్లీ ప్రయత్నిస్తాడు. సీడీకి గంధం మాత్రం నేనే పెడతాను, కాస్త చిక్కగా.