రుచి బిళ్ళ లేని టీ

ఆ రోజుల్లో పొద్దున్నే పళ్ళు తోముకోగానే అందరూ నాలుక మీద రుచి బిళ్ళ అంటించుకునేవారు. ఆ తర్వాత ఏది తిన్నా, తాగినా, దాన్ని తయారుచేసిన కంపెనీ కోరుకున్న రుచే తెలిసేది. విజయవాడలో సులోచన ఒక ఛానల్లో కొత్త టీలు తాగి, ఎలా ఉన్నాయో జనానికి చెప్పేది. ఏళ్ళ తరబడి ఆమె ఏ టీనీ బాగాలేదనలేదు. ఒకరోజు మాత్రం బిళ్ళ ఊడిపోయి, తను అంతగా మెచ్చుకున్న యాలకుల టీలో యాలకులే లేవని ఆమెకు తెలిసిపోయింది.

మర్నాడు శొంఠి లాటే అనే కొత్త పాల టీ వంతు. ఇంటి నుంచే ప్రసారం మొదలవగానే, అందరూ చూస్తుండగా సులోచన బిళ్ళ పీకేసింది.

"ఏంటా పని? ఉద్యోగం పోద్ది!" కెమెరా పట్టుకున్న భర్త భాస్కర్ కంగారుపడ్డాడు.

"పోతే పోనీయండి. ఒక్కసారన్నా నేను తాగి చెప్తా."

ఒక గుక్క తాగింది. "ఇందులో శొంఠీ లేదు, టీ ఆకూ లేదు. సుద్ద కలిపిన వేడినీళ్ళండీ ఇవి!"

ఛానల్ వాళ్ళు వెంటనే ప్రసారం ఆపేశారు. ఉద్యోగం నుంచి తీసేశామని ఫోన్లోనే చెప్పేశారు.

సులోచన వంటింట్లోకి వెళ్ళి, అల్లం దంచి టీ పెట్టింది. అలవాటు తప్పిన చెయ్యి కావడంతో అల్లం ఎక్కువైంది, పాలు అడుగంటాయి. భాస్కర్ కూడా బిళ్ళ తీసేసి తాగి, ముఖం చిట్లించాడు.

"ఇదీ బాగాలేదే!"

"అస్సలు బాగాలేదు," దగ్గుతూనే నవ్వింది సులోచన. "ఆ మాట అని ఎన్నాళ్ళయిందండీ! ఉండండి, మళ్ళీ పెడతా."