ఖాళీగా వదిలిన వరస

మా ఇంట్లో నేను మాట్లాడకపోతే అలక, మాట్లాడితే పొగరు. డిగ్రీ అయిన రెండేళ్ళుగా నాన్న కళ్ళజోళ్ళ షాపులో నోరెత్తకుండా అద్దాలు తుడుస్తున్నాను కాబట్టి, ఆ పని నాకు ఇష్టమని అమ్మా నాన్నా తేల్చేసుకున్నారు.

నిన్న పొద్దున షాపుకు బయల్దేరుతుంటే అమ్మ నా నోటుబుక్కు తెచ్చి నాన్న ముందు పడేసింది. "చూడండి మీ కూతురి నిర్వాకం!"

నాన్న కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. "తినను. వినను. రాను. కూర్చోను..." చదివేకొద్దీ గొంతు తగ్గింది. "ఏమైంది తల్లీ? ఎవరేమన్నారు?"

"ఎవరేమంటారు, అంతా మీ గారాబం! తినదట. రాత్రి రెండుసార్లు వడ్డించుకున్నదెవరో మరి!" అంది అమ్మ.

అది నేను సాయంత్రాలు వెళ్ళే జపనీస్ క్లాసు హోంవర్కు. మర్యాదగా కాదనడం ఎలాగో ఈ వారం పాఠం. నేను ముందు తెలుగు అర్థాలు రాసుకుంటాను. జపనీస్ మాటలకు వదిలిన పక్క వరస ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ముక్క చెబితే ఇద్దరూ నవ్వేసేవాళ్ళు. నేను రోజూలాగే వెళ్ళి షాపు తెరిచేదాన్ని.

"షాపుకు రావడం ఇష్టం లేదా?" అన్నాడు నాన్న. ఆ మాట అడగడం రెండేళ్ళలో అదే మొదటిసారి.

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. చేతిలో ఉన్న షాపు తాళాలు నోటుబుక్కు మీద పెట్టాను. హోంవర్కు సంగతి చెప్పలేదు.

"ఇష్టం లేదు నాన్నా. ఇక రాను."