రెల్లుకీ బూజుకీ మధ్య వానపాము

గట్టు మీద రెల్లుదుబ్బు ఎండకు వాడిపోతోంది. దాని నీడ పోతే నేల మాడిపోతుందని, ఇక తన బతుకు అంతేనని వానపాముకి దిగులు పట్టుకుంది.

రెల్లు వేళ్ల పక్కనే మట్టిలో తెల్లటి దారాల్లా అల్లుకున్న బూజు ఉంది. అది లోతు నుంచి తడి తేగలదు. రెల్లు తన ఆకుల్లో వండుకున్న తీపి దానికి పెట్టగలదు.

"ముందు తడి ఇమ్మను," అంది రెల్లు, రాయబారానికి వచ్చిన వానపాముతో.

"ముందు తీపి పెట్టమను," అంది బూజు.

అటూ ఇటూ తిరిగి వానపాము విసిగిపోయింది. చివరికి బూజుతో, "బూజమ్మా, రెల్లు తీపి పంపేసింది, ఇంకా కూర్చున్నావా?" అంది. రెల్లు దగ్గరికెళ్లి, "బూజు తడితో బయల్దేరింది, నువ్వింకా ఆలోచిస్తున్నావా?" అంది. రెండూ సిగ్గుపడి గబగబా పంపాయి.

వానలు పడేసరికి రెల్లు నిలువెత్తు పెరిగింది.

"ముందిచ్చింది నువ్వే. నీ మేలు మరవను," అంది బూజుతో.

"అదేంటి, ముందిచ్చింది నువ్వు కదా!" అంది బూజు.

వానపాము తడిమట్టిలోకి జారుకుంది.