జోషిత పెట్టిన పరీక్ష

“ఏదన్న అడుగుండ్రి మేడం, ఎక్కాలు గూడ జెప్తది!” అంటూ సంపత్ ఆరేళ్ల కూతురు జోషితను హెడ్‌మిస్ట్రెస్ ఉషాదేవి ముందుకు జరిపాడు. సూరత్‌లోని ఈ తెలుగు బడిలో ఒకటో తరగతి సీటు కోసమని, మగ్గాల కార్ఖానాలో డ్యూటీ దిగొచ్చి మరీ బిడ్డకు చదువు నూరిపోశాడు.

ఉషాదేవి నవ్వింది. “అడగకూడదండీ. చేర్చుకునే ముందు పిల్లలకు పరీక్ష పెట్టడం చట్టప్రకారం తప్పు.”

సంపత్ మొహం వాడిపోయింది. “గిదేం కానూన్ మేడం! ఒక్కటన్న అడుగుండ్రి.”

“గట్లయితే నేనడుగుత,” అంది జోషిత.

ఉషాదేవి కళ్లద్దాలు సర్దుకుంది. “అడుగమ్మా. దానికి ఏ చట్టమూ అడ్డం రాదు.”

“మీ బడిల కొడతరా?”

“చుప్!” సంపత్ బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“కొట్టం తల్లీ. కొట్టకూడదని కూడా చట్టమే ఉంది.”

సంపత్ చెయ్యి మెల్లగా దిగిపోయింది. మూడో తరగతిలో బెత్తానికి జడిసి గోడ దూకినవాడు మళ్లీ బడి మొహం చూడలేదు.

“నిజంగనేనా మేడం?” అన్నాడు.

“నిజమేనండీ.”

జోషిత ఇంకో ప్రశ్న వేయబోయింది.

“జర ఆగు బిడ్డా, ఇగ నేనడుగుత,” అని సంపత్ గొంతు సవరించుకున్నాడు. “పెద్దోళ్లను గూడ చేర్చుకుంటరా మేడం?”