పిలిస్తే పలకని టోకెన్లు

మహీధర్‌కి రెండు పనులు చేతకావు. ఒకటి కూర్చోవడం, రెండు తప్పు ఒప్పుకోవడం. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో శ్రీసుధ తేల్చుకున్న సత్యమిది. ఆఫీసులో ఎనిమిది గంటలు కౌంటరు వెనక కుర్చీకి అతుక్కుపోయే మనిషి, ఇంటికి రాగానే హాల్లోంచి బాల్కనీకీ, బాల్కనీలోంచి హాల్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఈమధ్య తిరుగుతూ లెక్కలు కూడా పెడుతున్నాడు.

“నలభై ఆరు,” అన్నాడు ఆ సోమవారం, బూట్లయినా విప్పకుండా.

“ఏమిటి, మీ నడుం కొలతా?”

“టోకెన్లు. పొద్దుట్నించీ మొత్తం నలభై ఆరే. వీసాలూ, కార్డులూ అన్నీ ఫోన్లోనే కానిచ్చేసుకుంటున్నారు. ఇంక మా దగ్గరికెవరొస్తారు?”

దుబాయ్‌కి దూరంగా, సముద్రం ఒడ్డున కల్బా అనే చిన్న ఊళ్ళో మహీధర్ పనిచేసే సేవాకేంద్రంలో నాలుగు కౌంటర్లు. పనులు సర్కారువి, మనుషులు కాంట్రాక్టు కంపెనీవాళ్ళు. రెండు వారాల్లో మిషన్ లెక్క ప్రకారం రోజుకి సగటున అరవై టోకెన్లు దాటకపోతే నాలుగో కౌంటరు ఎత్తేస్తామని దుబాయ్ హెడ్డాఫీసు నుంచి కబురు. నాలుగో కౌంటరు మహీధర్‌ది.

ఆ పూట అతను మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. బాధని పప్పన్నంలో ముంచే రకం, అనుకుంది శ్రీసుధ.

నిజానికి నాలుగేళ్ళుగా ఆమె కల్బాని తిట్టని రోజు లేదు. “ఈ ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళం సముద్రమూ నేనూ” అనేది. అక్క కృష్ణవేణి షార్జాలో ఉంటుంది. అక్కడికి బదిలీ చేయించుకుంటానని మహీధర్ రెండుసార్లు మాటిచ్చాడు. రెండుసార్లూ నీరుగారిపోయింది. అప్పట్నించీ ఆ ఇంట్లో జరగనిదాన్నల్లా ‘షార్జా మాట’ అంటారు.

మర్నాడు కిరాణాకొట్లో కడప అయూబ్ పెరుగు డబ్బా అందిస్తూ, “యాడికన్నా పోతాండారా అక్కా? సారు ఖాళీ అట్టపెట్టెలు అడిగినాడు. పెద్దవి, పది గావల్లంట,” అన్నాడు.

శ్రీసుధ చేతిలో పెరుగు డబ్బా బరువెక్కింది. కౌంటరు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే వీసా ఖలాస్. మూటాముల్లే సర్దుకుని కాకినాడ వెళ్ళాలి. యాభయ్యో పడిలో ఉన్న మనిషికి అక్కడ ఎవరు పనిస్తారు? అది తనతో చెప్పలేకే హాల్లో ఆ ప్రదక్షిణలు! ఉన్నట్టుండి కల్బా మీద ఆమెకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

పక్క ఫ్లాటు రజియా బేగం నెల్లూరావిడ. సంగతంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “టోకెన్ మిషన్ యాడుంది వదినా?”

“గాజుతలుపు పక్కనే. కౌంటర్లు లోపల, గోడ అవతల.”

“మరింకేం? దానికి మన మొగంతో పన్లేదు. వేలు పెడితే చీటీ ఇస్తుంది. యల్లా, పద, చెప్పులేసుకో.”

బుధవారం నుంచి వాళ్ళ పొద్దుటి నడక దారి మారింది. పోయేప్పుడు చెరో ఐదు చీటీలు, వచ్చేప్పుడు చెరో ఐదు.

“అరవై ఎనిమిది,” అన్నాడు మహీధర్ సాయంత్రం. మొహం వాడిపోయి ఉంది. “ఇరవైమంది పిలిస్తే పలకరు. నంబరు ఐదేసిసార్లు పిలుస్తాను. ఖాళీ కుర్చీలు నావంక చూస్తుంటాయి.”

“కరక్ చాయ్ తాగడానికి వెళ్ళుంటారు.”

“ఇరవైమందీనా?”

“ఎవరెక్కడికి పోతే మీకెందుకండీ? మిషన్ లెక్కే లెక్కన్నారుగా. అరవై దాటింది, చాలు.”

“దాటింది,” అని కంచం ముందునుంచి లేచిపోయాడు. పాపం, పనెక్కువై అలిసిపోయాడనుకుంది.

డెబ్బై ఒకటి. డెబ్బై నాలుగు. అంకె పెరిగేకొద్దీ ప్రదక్షిణలూ పెరిగాయి. రెండో మంగళవారం మిషన్ ముందు శ్రీసుధ మూడో చీటీ లాగుతుండగా మహీధర్ బయటికొచ్చాడు.

“నువ్విక్కడేంటి?”

ఆమె పిడికిలి బిగించింది. “మీరు... మీరు కళ్ళజోడు మర్చిపోయారేమోనని.”

“పెట్టుకునే ఉన్నాగా!”

“అందుకే, చూసి వెళ్దామని.”

“ఎండకి వదినకి కళ్ళు తిరిగినాయన్నా,” అంటూ రజియా ఆమెని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

గురువారంతో గడువు తీరింది. మధ్యాహ్నం మహీధర్ ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాడు. కదల్లేదు. అతను కూర్చోవడం చూసి, కొట్టుకి బయల్దేరుతున్న శ్రీసుధ చేతిసంచి చంకన పెట్టుకునే గుమ్మంలోంచి వెనక్కొచ్చింది.

“ఎత్తేశారా?”

“లేదు. పిలిస్తే పలకని టోకెన్లన్నీ చూసి, సిబ్బంది చాలక జనం విసిగి వెళ్ళిపోతున్నారని తేల్చారు. ఐదో కౌంటరు ఇస్తున్నారు. నన్ను రెండేళ్ళదాకా కల్బా నుంచి కదలొద్దన్నారు.”

ఆమె మనసులోనే రజియాకి పట్టుచీర మొక్కేసుకుంది. “ఉద్యోగం నిలబడితే ఆ ఏడుపు మొహమేమిటండీ?”

“ఉద్యోగానికేమైంది? అదెప్పుడూ పోయేది కాదే.”

“మరి అయూబ్‌ని అడిగిన అట్టపెట్టెలు?”

మహీధర్ వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలెట్టాడు.

“ముందే నీతో చెప్పాల్సింది సుధా. ఖాయమయ్యాక చెబుదామని, ఈలోగా నవ్వుతావని దాచాను. నాదే తప్పు.”

ఆమె చంకలోని చేతిసంచిలో ఆ పొద్దుటి టోకెన్లు గరగరలాడాయి.

“ఏం దాచారు?”

“ఆ కౌంటరు ఎత్తేసి నన్ను షార్జా పంపమని రాసింది నేనే.”